హిమపాతం: లేదు

మా ఆఫీసుకి ఒకటే పని. ప్రతి నెలా ఆఖరి పనిదినాన, ఆ నెల రాష్ట్రంలో ఎంత మంచు పడిందో ప్రభుత్వానికి నివేదిక పంపడం. మంచు అంటే పొద్దున్నే బస్సుల అద్దాల మీద పేరుకునేది కాదు. అది వేరే శాఖ. మాది తెల్లగా గడ్డకట్టే మంచు. పంతొమ్మిదేళ్లలో రెండువందల ఇరవై ఎనిమిది నివేదికలు పంపాం. ఒక్కటీ ఆలస్యం కాలేదు, ఒక్కదానిలోనూ తప్పు దొర్లలేదు. అన్నిటిలోనూ 'హిమపాతం' అనే గడిలో ఒకటే మాట ఉంటుంది: లేదు. దాని కింద 'ఎప్పటి నుంచి', 'తొలగించినది ఎవరు' అని ఇంకో రెండు గడులున్నాయి. అవి ఖాళీగా వదిలేస్తాం.

విశాఖపట్నంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, ఎండాకాలం గోడ ముట్టుకుంటే చెయ్యి కాలే అద్దె భవనంలో ఉంటుంది మా హిమపాత సన్నద్ధత డైరెక్టరేట్. ఒక చలికాలం ఏజెన్సీ కొండల మీద గడ్డి తెల్లబడిందని పేపర్లో ఫొటో పడింది. ప్రభుత్వం సిద్ధంగా ఉందా అని ఎవరో అడిగారు. లేదని ఒప్పుకోవడం కన్నా శాఖ పెట్టడం తేలికని మమ్మల్ని పెట్టారు.

నా పేరు పశుపతి. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుని. ఆఫీసులో ఎవరు ఎవరి కన్నా ఎంత సీనియరో చెప్పే జాబితా నా బీరువాలో ఉంటుంది, తాళం నా మొలతాడుకి ఉంటుంది. అందులో ఎనిమిది పేర్లున్నాయి. డైరెక్టరు దక్షిణామూర్తి గారు మొదటివారు, మా టైపిస్టు ఎనిమిదోది.

తొమ్మిదోవాడు తవిటినాయుడు జాబితాలో లేడు. అతనిది హిమ నిర్మూలన సహాయకుడి ఉద్యోగం, కాంట్రాక్టు మీద. శ్రీకాకుళం వైపు మనిషి. కుర్రతనంలో కూలీల ముఠాతో ఉత్తరాది సరిహద్దుకి పోయి, నాలుగు సీజన్లు కొండ రోడ్ల మీద మంచు ఎత్తిపోశాడు. పార పట్టి మంచు తీసినవాడు రాష్ట్రం మొత్తం గాలిస్తే అతనొక్కడే దొరికాడు. పదిహేడేళ్ల కిందట తీసుకున్నాం. అప్పటి నుంచి టీ తెస్తున్నాడు, ఫ్యాన్లు తుడుస్తున్నాడు.

అతన్ని పర్మనెంటు చేయాలని ఫైలు పదకొండు సార్లు నా దగ్గరికి వచ్చింది. పదకొండు సార్లూ నేను ఒకటే మాట రాసి వెనక్కి పంపాను. "సదరు వ్యక్తి మంచు తొలగించిన దాఖలా లేనందున పనితీరు నిరూపణ కాలేదు." రూలు అంతే మరి. ఈ ఏడాది జూన్ ముప్పయ్యో తారీఖుతో అతనికి వయోపరిమితి దాటిపోతుంది. ఆ తరవాత పర్మనెంటు సంగతి దేవుడెరుగు, కాంట్రాక్టు కూడా ఉండదు.

నా కుర్చీ వెనకాల ఒక ఫ్రిజ్ ఉంటుంది. మంచు నమూనాలు భద్రపరచడానికి మొదటి ఏడాదే కొన్నాం. నమూనాలు రాలేదు కాబట్టి డైరెక్టరు గారి మజ్జిగ సీసాలు పెడుతున్నాం. చాలా పాతదే అయినా అందులో వాటికెప్పుడూ చోటుండేది. ఎలా ఉంటోందని మాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఇలా చల్లగా సాగిపోతున్న ఆఫీసులోకి ఫిబ్రవరిలో ఒక ఆడిటరు వచ్చాడు. బక్కపలచని మనిషి. నివేదికలన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి అడిగాడు.

"మంచు పడలేదని మీకెలా తెలుసు?"

"కనబడలేదండీ" అన్నాను.

"కనబడితే గుర్తుపడతారా? ఎప్పుడైనా చూశారా?"

డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "ప్రభుత్వ ఉత్తర్వులో నిర్వచనం స్పష్టంగా ఉంది" అని చదివి వినిపించారు. "హిమము అనగా రాష్ట్ర పరిధిలో ఎక్కడైనను, ఏ విధముగానైనను ఏర్పడిన తెల్లని, చల్లని, మెత్తని ఘనపదార్థము."

"ఇది ఇడ్లీకి కూడా సరిపోతుంది" అన్నాడు ఆడిటరు.

"ఇడ్లీ వేడిగా ఉండును" అన్నారు డైరెక్టరు గారు. అయినా ఆ మనిషి వినలేదు. మంచు చూడనివాళ్లు మంచు లేదని ధ్రువీకరించడం చెల్లదని రాసిపోయాడు.

ఫైలు సెక్రటరీ గారి దాకా వెళ్లింది. ఆయన కొత్తగా వచ్చిన యువకుడు. ఆదివారాలు తోలు కోటు వేసుకుని, ఆటో కన్నా ఎక్కువ చప్పుడు చేసే మోటారు సైకిలు మీద భీమిలి దాకా పోయి టిఫిను తిని వస్తారు. ఆయన ఎర్ర సిరాతో రాశారు. "డైరెక్టరేట్ సిబ్బంది యావన్మందీ మోటారు సైకిళ్లపై హిమాలయ కనుమలకు ఒక జట్టుగా వెళ్లి, మంచును స్వయంగా దర్శించి రావలెను. తద్వారా సమష్టి స్ఫూర్తి పెంపొందును."

ఆ రోజు నుంచి మా డైరెక్టరు గారు యాభై ఏడో ఏట బండి నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఏప్రిల్ కల్లా పద్దెనిమిది కిలోమీటర్ల వేగం అందుకున్నారు. అక్కడ ఆగిపోయారు.

నాకు వేరే దిగులు పట్టుకుంది. జట్టుగా అంటే ఎవరు ముందు, ఎవరు వెనక? ఈ మాట సెక్రటరీ గారు రాయలేదు. రాయనివి రాయడానికే నేనున్నాను. మూడు రోజులు కూర్చుని సర్క్యులర్ తయారుచేశాను. నాలుగో పేరా ప్రాణం లాంటిది. "సిబ్బంది సీనియారిటీ క్రమమున ప్రయాణించవలెను. జూనియరు, సీనియరును వాహనముపై గాని, కాలినడకన గాని దాటిపోరాదు." కాలినడకన గాని అని చేర్చింది నేనే. అప్పుడు ఎంత మురిసిపోయానో చెప్పలేను. అయిదో పేరా ప్రకారం జూనియరు సీనియరుకి హారన్ కొట్టకూడదు. చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే తనకి ముందున్న అధికారి ద్వారా, వరసగా పైకి పంపుకోవాలి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. మాకిద్దరు డిప్యూటీ డైరెక్టర్లు. మైథిలీదేవి గారు పరీక్ష రాసి నేరుగా వచ్చారు. అప్పలనరసయ్య గారు కింది నుంచి ప్రమోషన్ మీద వచ్చారు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే గంటకి చేరారు. ఎవరు సీనియరో తేల్చమని పదమూడేళ్లుగా కోర్టులో ఉన్నారు. తీర్పు వచ్చే దాకా ఉన్నది ఉన్నట్టే ఉంచమని కోర్టు ఉత్తర్వు. అందుకని ఇద్దరూ పక్కపక్కన, ముందు చక్రాలు సమానంగా ఉండేట్టు నడపాలని ఆరో పేరా రాశాను.

బయల్దేరే ముందు రోజు తవిటినాయుడు టీ పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు.

"పశుపతి బాబూ, అక్కడ నాను మంచు తీస్తాను. మీరు సూసి రాసీసుకుంటారు కదా. సరిపోద్దా?"

"అధికారులు స్వయంగా చూసి ధ్రువపత్రం ఇస్తే సరిపోతుంది" అన్నాను.

అతను ఆ సాయంత్రం ఇంటి నుంచి తన పాత పార తెచ్చుకుని, బస్తా గుడ్డలో చుట్టి రైల్లో పెట్టాడు.

జూన్ మూడున బయల్దేరాం. రెండు రైళ్లు మారి కొండల కింద ఊళ్లో తొమ్మిది బండ్లు అద్దెకి తీసుకున్నాం. డైరెక్టరు గారి బండికి 'హిమ దర్శన యాత్ర' అని గుడ్డ బ్యానరు కట్టాం. మొదటి మూడు రోజులు లారీలు, గొర్రెల మందలు, ఒకసారి పెళ్లివారి గుర్రం మమ్మల్ని దాటిపోయాయి. వాటికి మా సర్క్యులర్ వర్తించదు. వెనకాల తవిటినాయుడు ఎత్తులకి అలవాటైనవాడిలా ఒక కాలు నేలకి ఆనించి, ఆగి, మళ్లీ కదిలి, ఓపిగ్గా వచ్చేవాడు.

అయిదో రోజు పెద్ద కనుమ ఎక్కాలి. పదిహేడు వేల అడుగులు. పొద్దున్నే కాపలా పోస్టు దగ్గర జవాను చేతి గడియారం చూపించి గట్టిగా అరిచాడు. మధ్యాహ్నం ఒంటిగంట లోపల అవతలికి దిగిపోవాలట, తరవాత వాతావరణం నమ్మలేమట.

"సదరు సూచన పరిశీలనలో ఉంచుకోవడమైనది" అన్నారు డైరెక్టరు గారు తెలుగులోనే. జవాను సెల్యూట్ కొట్టాడు.

పది గంటలకి ఇనప వంతెన వచ్చింది. బండి వెంట బండి పోవాలి గాని పక్కపక్కన పోవడానికి లేదు. డైరెక్టరు గారు దాటేశారు. డిప్యూటీ డైరెక్టర్లిద్దరూ ఇంజన్లు ఆపి దిగిపోయారు.

"నేను వెనక పోతే, వెనక పోయాననే రేపు కోర్టులో చెబుతారు" అన్నారు మైథిలీదేవి గారు. "మీరు నన్నడిగి లాభం లేదు పశుపతి గారూ."

"ఓ అడుగు ముందుకేసుకుని ఏం బావుకుంటారమ్మా? నాకూ అదే బాధ. నేను మాత్రం ఎందుకు ఆగాలి?" అన్నారు అప్పలనరసయ్య గారు.

నలభై నిమిషాలు ఆలోచించాను. చివరికి మార్గం దొరికింది. ముందు మైథిలీదేవి గారి బండి మీద అప్పలనరసయ్య గారు వెళ్లాలి. వెనక అప్పలనరసయ్య గారి బండి మీద మైథిలీదేవి గారు వెళ్లాలి. మనిషి ప్రకారం ఆయన ముందు, వాహనం ప్రకారం ఆవిడ ముందు. కోర్టు ఉత్తర్వుకి గీత పడదు. ఇద్దరూ 'అభ్యంతరానికి లోబడి' అని రాసి దాటారు. కింద ఏరు ఉరకలేస్తోంది. నాకు మాత్రం నా తెలివి చూసి నాకే ముచ్చటేసింది.

పదకొండున్నరకి తవిటినాయుడు ముందున్న టైపిస్టుకి ఏదో చెప్పాడు. ఆవిడ బండి ఆపి జూనియర్ అసిస్టెంటుకి చెప్పింది. అతను ఒక సీనియర్ అసిస్టెంటుకి, ఆయన ఇంకో సీనియర్ అసిస్టెంటుకి, ఆయన నాకు చెప్పారు. "ఉత్తరం వైపు నల్లటి మబ్బు వేసింది, గంటలో మంచు పడుతుంది, తొందరగా దాటడమో తిరిగిపోవడమో చెయ్యాలి" అని సారాంశం. నేను డిప్యూటీ డైరెక్టర్ల మధ్య నిలబడి ఒకేసారి ఇద్దరికీ వినబడేట్టు చెప్పాను. వాళ్లు ఒకేసారి డైరెక్టరు గారికి చెప్పారు.

ఆయన వెనక్కి తిరక్కుండానే జవాబు పంపారు. "సదరు మబ్బు యొక్క పూర్తి వివరములు సమర్పించవలెను."

ఆ జవాబు వరసగా దిగి తవిటినాయుడికి చేరేసరికి అతని భుజాల మీద తెల్లగా పడుతోంది.

"ఇంకా మబ్బెక్కడిది బాబూ, కిందకి దిగిపోనాది కదా!" అన్నాడు. ఆ మాట పైకి పంపడం మొదలుపెట్టాం.

అలా మేము మంచు చూశాం. అంత గాలిలోనూ డైరెక్టరు గారు నిర్వచనం తెప్పించారు. తెల్లగా ఉందని మైథిలీదేవి గారు, చల్లగా ఉందని అప్పలనరసయ్య గారు, మెత్తగా ఉందని నేను సంతకాలు పెట్టాం. పెన్ను రాయకపోతే చంకలో పెట్టుకుని వెచ్చచేశాం. "ఇది హిమమేనని ప్రాథమికంగా నిర్ధారించడమైనది" అన్నారు డైరెక్టరు గారు. చప్పట్లు కొడదామంటే వేళ్లు వంగలేదు.

అంతలో పైనుంచి ఒక మంచు చరియ జారి, మా ముందు రోడ్డు మీద నడుం ఎత్తున పడిపోయింది.

తవిటినాయుడు గుడ్డ విప్పి పార తీసి, పరుగున ముందుకి వచ్చాడు. టైపిస్టు పక్కకి జరగబోయింది. జూనియర్ అసిస్టెంటు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"నాలుగో పేరా. కాలినడకన గాని."

"అయ్యా, మంచు ముందలుంది. నన్ను ఎనకాల ఉండమంటే ఎలగ తీసేది?" అన్నాడు తవిటినాయుడు నా వైపు చూసి.

మంచు తీయగలిగినవాడు వెనక. మంచు ముందు. మధ్యలో ఎనిమిది మంది సీనియారిటీ. ఆ మాట రాసినవాణ్ణి నేను. గడ్డం మీద మంచు దులుపుకున్నాను.

డైరెక్టరు గారు బండి మీద కూర్చునే ఆదేశాలు ఇస్తున్నారు. "రోడ్డును ఫైలులో పెట్టి రేపు నాకు పంపండి. కొండకు మెమో ఇవ్వండి, మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పాలి." సీనియర్ అసిస్టెంటు వణుకుతూ రాసుకుంటున్నాడు.

దూరం నుంచే తవిటినాయుడు అరిచాడు. "బాబుగారికి గాలి సాల్లేదు! మాటలు పేలిపోతన్నాయి! నాను జవాన్లకి సూశాను ఇలగే అయ్యీది. బేగి కిందకి దించకపోతే సాయంత్రానికి మనిషుండడు!"

"ఎప్పటిలాగే మాట్లాడుతున్నారు కదా" అన్నారు అప్పలనరసయ్య గారు.

మాకు నిజంగానే తేడా తెలియలేదు. అప్పుడు డైరెక్టరు గారు పక్కకి వాలి వాంతి చేసుకున్నారు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఆయన నన్ను చూసి, "అమ్మా, బడికి టైమైందా" అన్నారు.

ముందుకి దారి లేదు. వెనక్కి దిగాలి. బండ్లు ఉన్నచోటే తిప్పేశాం. తిప్పాక గాని తెలియలేదు, వెనక ఉన్నవాడు ముందుకొచ్చాడు. తవిటినాయుడు మొదట, డైరెక్టరు గారు ఆఖర. మొత్తం జాబితా తలకిందులైంది. అందరూ నా వైపు చూశారు. అంత చలిలో, అంత ప్రమాదంలో, ఎనిమిది మందిలో ఒక్కరు కూడా కదల్లేదు. పంతొమ్మిదేళ్లుగా నేను నేర్పిన క్రమశిక్షణ అది.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. నా సర్వీసులో అదే మొదటిది.

"డైరెక్టరు గారు తమ బాధ్యతల్ని తవిటినాయుడికి అప్పగిస్తే, అతను ఇన్‌చార్జి డైరెక్టరు అవుతాడు. ముందు నడవొచ్చు" అన్నాను.

"కాంట్రాక్టు మనిషికి ఛార్జి ఎలా ఇస్తారు?" అన్నారు మైథిలీదేవి గారు.

"ముందు పర్మనెంటు చేస్తాం."

"పనితీరు నిరూపణ కాలేదని రాసింది మీరే కదా?"

నేను చెయ్యెత్తి చూపించాను. మా తలల మీదుగా, దిగాల్సిన దారిలో కూడా మోకాలి లోతు పేరుకుంది. ఇప్పుడు అది తవిటినాయుడికి ముందుంది. అతను మా చర్చ ముగిసేదాకా ఆగలేదు. అప్పటికే పార దించాడు.

మంచు తీయడం అంత అందంగా ఉంటుందని నాకు తెలీదు. నడుం వంచి, పార ఏటవాలుగా దూర్చి, మోకాలి ఆసరాతో లేపి లోయలోకి విసురుతున్నాడు. ఒక్క పెళ్ల వృథాగా పడలేదు. ఊపిరి అందక నిలబడలేని చోట ఆ మనిషి అరవై గజాల దారి తీశాడు. పదకొండు సార్లు నేను 'నిరూపణ కాలేదు' అని రాసింది ఈ చేతుల గురించే. నాకు సిగ్గేసింది. చలికి ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

ధ్రువపత్రం మీద డిప్యూటీ డైరెక్టర్లిద్దరూ రెండు పెన్నులతో ఒకేసారి సంతకం పెట్టారు. పదమూడేళ్లలో వాళ్లిద్దరి సంతకాలూ ఒక కాగితం మీద పడటం అదే మొదలు. డైరెక్టరు గారి చెయ్యి నేను పట్టుకున్నాను, ఆయన గీశారు. తవిటినాయుడి ముందు కాగితం పెడితే మండిపడ్డాడు.

"మనిషి సచ్చిపోతంటే కాయితాలేటి బాబూ!"

"సంతకం పెట్టు నాయనా. లేకపోతే ఆయన్ని నీ బండెక్కించడానికి వీళ్లు ఒప్పుకోరు. నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను.

పెట్టాడు. డైరెక్టరు గారిని వెనక కూర్చోబెట్టుకుని, హిమ దర్శన యాత్ర బ్యానరుతో తన నడుముకి కట్టుకున్నాడు. ఇన్‌చార్జి డైరెక్టరుగా అతను ఇచ్చిన ఉత్తర్వు ఒక్కటే. దాన్ని నేను రికార్డు చేశాను. "ఎవులికి ఎలగ కుదిరితే అలగ దిగిపొండి. ముందూ ఎనకా సూడొద్దు."

మేము మొదటిసారి గుంపుగా, చిందరవందరగా, ఒకళ్లనొకళ్లు దాటుకుంటూ దిగాం. వంతెన దగ్గర మైథిలీదేవి గారి బండి మొరాయిస్తే అప్పలనరసయ్య గారు వెనక నుంచి తోశారు. ఎవరు ముందు దాటారో ఇద్దరికీ గుర్తు లేదట. కింద సైనిక ఆసుపత్రిలో డాక్టరు, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణన్నాడు. డైరెక్టరు గారు నాలుగు రోజులకి లేచి కూర్చుని, తవిటినాయుడి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

జూన్ ఇరవై అయిదుకి విశాఖపట్నం చేరాం. ఇరవై ఏడున పైనుంచి ఉత్తరం వచ్చింది. మన భాషే కాబట్టి నాకు ఒక్కసారి చదివితే అర్థమైంది.

"సదరు మంచు రాష్ట్ర సరిహద్దుల వెలుపల పడినందున, దానిని తొలగించుట ఈ శాఖ విధిగా పరిగణింపజాలము. కావున పనితీరు ధ్రువపత్రము చెల్లదు. కావున పర్మనెంటు ఉత్తర్వు చెల్లదు. కావున ఇన్‌చార్జి బాధ్యత చెల్లదు. కావున సదరు వ్యక్తి నాయకత్వమున జరిగిన అవరోహణ చెల్లదు."

చివరి వాక్యం దగ్గర డైరెక్టరు గారు ఆగారు. "అంటే?"

"మనం దిగినట్టు కాదండీ. రికార్డు ప్రకారం ఇంకా కనుమ మీదే ఉన్నాం."

"ఇక్కడ నీ ఎదురుగా కూర్చున్నాను కదయ్యా!"

"కూర్చున్నారు గాని, హాజరు వేయడానికి లేదండీ."

మూడు రోజులు ఎనిమిది మందిమీ ఆఫీసుకొచ్చి, లేనట్టుగా కూర్చున్నాం. తవిటినాయుడు ముప్పయ్యో తారీఖు పొద్దున పారని మళ్లీ బస్తా గుడ్డలో చుట్టి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు. టీ మాత్రం టైముకి తెచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి నెలవారీ నివేదిక ముందేసుకున్నాను. 'హిమపాతం' గడిలో 'లే' దాకా రాశాను. డైరెక్టరు గారు మజ్జిగ అడిగారు. వెనక్కి తిరిగి ఫ్రిజ్ తెరిచి, సీసాలుండే పై అర తలుపు లాగితే రాలేదు. గట్టిగా లాగాను. ఆ తలుపు విరిగి చేతికొచ్చింది. లోపల మజ్జిగ సీసా కనబడలేదు. దాదాపు నెల రోజులుగా ఎవరూ ముట్టని ఆ అరలో, అంచుల దాకా, పిడికెడు ఖాళీ లేకుండా పేరుకుపోయి ఉంది.

వేలుతో ముట్టుకున్నాను. తెల్లగా ఉంది. చల్లగా ఉంది. గీరితే మెత్తగా రాలింది. నిర్వచనం నాకు కంఠతా వచ్చు. రాష్ట్ర పరిధిలో ఎక్కడైనను, ఏ విధముగానైనను.

"అయ్యా!" అని నేను వేసిన కేకకి అందరూ పరిగెత్తుకొచ్చారు. బీరువాల మధ్య నా సీటుకి వచ్చే సందు ఒక మనిషి పట్టేంత ఉంటుంది. అలవాటు కొద్దీ వరస కట్టేశారు. ఫ్రిజ్ ఎదురుగా డైరెక్టరు గారు, తరవాత డిప్యూటీలు ఇరుకుతూ పక్కపక్కన, ఆఖర తవిటినాయుడు. డైరెక్టరు గారు వంగి చూశారు. ముట్టుకున్నారు. నా వైపు చూశారు. ఆయనకి అర్థమైంది.

ఆయన వెనక్కి తిరిగి, బీరువాకి వీపు ఆనించి, పొట్ట లోపలికి పీల్చుకుని దారి ఇచ్చారు.

"తవిటినాయుడూ, ముందుకి రావయ్యా."

డిప్యూటీలు గోడకి అంటుకుపోయారు. సీనియర్ అసిస్టెంట్లు, జూనియర్ అసిస్టెంటు, టైపిస్టు అందరూ పక్కకి ఒదిగారు. తవిటినాయుడు ఎనిమిది మందినీ దాటుకుంటూ, కాలినడకన, ముందుకొచ్చాడు.

ఫ్రిజ్‌లోకి చూశాడు గాని పార కోసం వెళ్లలేదు. వెతుక్కోకుండానే ఫ్రిజ్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, వంగిపోయిన స్టీలు గరిటె ఒకటి తీశాడు. అంచు అరిగి పలచబడిపోయిన గరిటె.

"అదక్కడుందని నీకెలా తెలుసు?" అన్నాను.

"నానే కదా బాబూ అక్కడెట్టింది. పెతీ శనారం గీకుతాను. నేకపోతే అయ్యగారి మజ్జిగకి సోటేదీ?" అని గీకడం మొదలుపెట్టాడు. "మనం ఊరెళ్లీసరికి ఇన్నాళ్లూ గీకడం అవలేదు. అందుకే ఇలగ పట్టీసింది."

నా కుర్చీకి జానెడు దూరం. పదిహేడేళ్లు. నేను అటు వీపు పెట్టి కూర్చుని, మంచు లేదని నివేదికలూ, తీసిన దాఖలా లేదని ఫైలు మీద నోట్లూ రాశాను.

గరిటె చప్పుడు ఒక్కటే వినబడుతోంది. నేను కూర్చుని 'లే' కొట్టేశాను. హిమపాతం: ఉంది. ఎప్పటి నుంచి: పదిహేడేళ్ల పైబడి. తొలగించినది ఎవరు అన్న గడిలో అతని ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాద్దామని పెన్ను ఎత్తాను. నాకు అతని ఇంటిపేరు తెలియదు.

"నీ ఇంటిపేరేమిటి నాయనా?" అన్నాను.

చెప్పాడు. రాశాను. కింద మా సంతకాలకి చోటు వదిలి, అందరికన్నా ముందు అతని చేత పెట్టించాను.